బడి రికార్డులో మన బిడ్డ: చూడటం, సరిచేయించుకోవడం మన హక్కు

(అనంతపురంలో ముస్లిం తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





చదువు అవసరాన్ని గురించి మీకు నేను ఉపన్యసించవలసిన పనిలేదు. ఆ అవసరం తెలిసినందువల్లనే మీరిక్కడికి వచ్చారు. నేను మాట్లాడదలచింది దాని తరువాతి అడుగును గురించి. బిడ్డను బడిలో చేర్చిన తరువాత, ఆ బిడ్డ పేరు మీద అక్కడ ఏమి రాస్తున్నారో మనలో ఎందరం కళ్లారా చూశాం? ప్రోగ్రెస్ కార్డు ఇంటికి వస్తే సంతకమో వేలిముద్రో వేసి పంపుతాం. అంతటితో మన పని ముగిసిందనుకుంటాం. అడ్మిషన్ రిజిస్టరులో పుట్టిన తేదీ ఏమని ఉన్నది? హాజరు పట్టీలో గత నెల ఎన్ని రోజులు వచ్చినట్టున్నది? యూడైస్ కంప్యూటరులో మతం, కులం, తండ్రి పేరు ఏ అక్షరాలతో ఎక్కాయి? ఇవి చూసినవారు చేతులెత్తండి అంటే ఈ సభలో ఎన్ని చేతులు లేస్తాయో మీరే ఆలోచించండి.

తలరాత అల్లాహ్ రాసేది. దానికి మనం తలవంచుతాం. రిజిస్టరులోని రాత మనిషి రాసేది. దానిని చూడటం, తప్పుంటే సరిచేయమని కోరడం మన బాధ్యత. ఈ రెండింటినీ ఒకటిగా భావించి, బడిలో ఏమి రాసినా మన ప్రాప్తం ఇంతే అనుకున్నందువల్ల మన పిల్లలు నష్టపోతున్నారు. నేటి నా ప్రసంగంలో చెప్పదలచింది ఈ ఒక్క మాటే. బడి రికార్డును చూడటం ప్రధానోపాధ్యాయుడు దయతలచి ఇచ్చే అనుమతి కాదు, చట్టం మనకిచ్చిన హక్కు. ఆ హక్కును పదో తరగతి దాటకముందే వాడుకోవాలి.

ఒక్క పంక్తి ఎంత దూరం వెళుతుంది?

ఒకటో తరగతిలో చేరిన రోజున గుమాస్తాయో ఉపాధ్యాయుడో అడ్మిషన్ రిజిస్టరులో ఒక పంక్తి రాస్తారు. పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, పుట్టిన తేదీ, మతం, కులం, పుట్టుమచ్చలు. ఆ పంక్తి ఐదో తరగతి తరువాత టీసీలోకి, అక్కడి నుంచి ఉన్నత పాఠశాల రిజిస్టరులోకి, తరువాత పదో తరగతి నామినల్ రోల్‌లోకి, దాని నుంచి ఎస్సెస్సీ సర్టిఫికెట్‌లోకి నడిచి వెళుతుంది. ఆపైన కాలేజీ సీటు, కుల ధ్రువీకరణ, ఉద్యోగం, పాస్‌పోర్టు అన్నీ ఆ సర్టిఫికెట్‌ను చూసి నడుస్తాయి. మొదట దొర్లిన తప్పును ఐదో తరగతిలో సరిచేయడం ఒక దరఖాస్తుతో అయ్యే పని. ఎస్సెస్సీ సర్టిఫికెట్ అచ్చయిన తరువాత పుట్టిన తేదీని మార్పించుకోవడం ఎంత కష్టమో అనుభవించినవారికే తెలుసు. కార్యాలయాల చుట్టూ, ఒక్కొక్కప్పుడు కోర్టుల చుట్టూ తిరగవలసి వస్తుంది.

మన విషయంలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. దానికి కారణం మన పేర్లే. బడిలో పేరును తెలుగులో రాస్తారు. ఆధార్‌లో ఇంగ్లీషులో ఉంటుంది. ఇంట్లో ఉర్దూలో పిలుస్తాం. ఒకే బిడ్డ ఒకచోట మహబూబ్ బాషా, మరొకచోట మాబాషా, ఇంకొకచోట మాబు. ఖాదర్ వలి కాస్తా కాదరవలి, హుస్సేన్ కాస్తా ఉసేను అవుతారు. షేక్ అన్నది కొన్ని కాగితాలలో ముందు వస్తుంది, కొన్నింటిలో చివర వస్తుంది, కొన్నింటిలో ఒక్క పొడి అక్షరంగా మిగులుతుంది. ఆడపిల్లల పేర్ల చివర బీ, బేగం, ఖానం ఒక రికార్డులో ఉండి మరొకదానిలో మాయమవుతాయి. మనకు ఇవన్నీ ఒకటే. కంప్యూటరుకు మాత్రం ఇవి వేర్వేరు మనుషులు. నేడు ప్రతి విద్యార్థికి శాశ్వత విద్యా సంఖ్య, అపార్ సంఖ్య ఇస్తున్నారు. వాటిని ఆధార్‌తో సరిపోల్చే వేళ ఒక్క అక్షరం తేడా వచ్చినా పని ఆగిపోతున్నది. అపార్‌కు తల్లిదండ్రుల లిఖితపూర్వక అంగీకారం ఉండాలన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. ఆ పత్రంపై సంతకం చేసేముందు అందులో బిడ్డ పేరు ఏమని రాశారో చదివించుకోండి.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన మరో సంగతి ఉన్నది. పెనుకొండ బాబా ఫక్రుద్దీన్ దర్గా మీద భక్తితో ఆ పేరు పెట్టుకున్న కుటుంబాలు ఈ సీమలో ఎన్నో. నార్పల మండలం గూగూడులో మొహర్రం వేళ కుళ్లాయిస్వామిని హిందువులు, ముస్లింలు కలిసి కొలుస్తారు. కుళ్లాయప్ప అన్న పేరు ఇరువురి ఇళ్లలోనూ ఉన్నది. ఇది మన సీమ గర్వించదగిన సంస్కృతి. అయితే రిజిస్టరు రాసేవారు తల్లిదండ్రులను అడగకుండా పేరును చూసి మతం గడిని నింపితే, కుళ్లాయప్ప అనే ముస్లిం బాలుడు హిందువుగా నమోదు కావచ్చు. పదేళ్ల తరువాత తహసీల్దారు కార్యాలయంలో, “నీ సర్టిఫికెట్‌లో ఇలా ఉన్నదే” అన్న ప్రశ్నకు ఆ బాలుడు సమాధానం చెప్పుకోవలసి వస్తుంది.

కులం గడి ఇంకా ముఖ్యం. 2007లో వచ్చిన చట్టం ద్వారా మన రాష్ట్రంలో వెనుకబడిన ముస్లిం వర్గాలకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ లభించింది. షేక్, ఖురేషీ, ఫకీర్, హజాం, అత్తరు సాయిబులు మొదలైన వర్గాలు ఆ జాబితాలో ఉన్నాయి. సయ్యద్, పఠాన్, మొఘల్ వంటివారు అందులో లేరు. దూదేకులవారు అంతకుముందు నుంచీ బీసీ-బి జాబితాలో ఉన్నారు. కనుక రిజిస్టరులో కులం ఎదుట ఒక్క ‘ముస్లిం’ అన్న మాట రాసి వదిలేస్తే ఆ బిడ్డ ఏ జాబితాకు చెందుతాడో తేలదు. దూదేకుల బిడ్డకు షేక్ అని రాసినా, షేక్ బిడ్డకు పఠాన్ అని రాసినా పత్రాల మధ్య పొంతన కుదరదు. ధ్రువీకరణ పత్రం ఇచ్చేది రెవెన్యూ శాఖే అయినా, విచారణకు వచ్చినవారు మొదట అడిగేది బడి కాగితాన్నే. పోరాడి సాధించుకున్న రిజర్వేషన్‌ను రిజిస్టరులోని ఒక గడి దగ్గర పోగొట్టుకోవడం ఎంత అన్యాయం!

కరువు నేలలో హాజరు పట్టీ

మనది కరువు సీమ. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురిసే నేల. అది కూడా వేళకు కురవదు. వేరుశెనగ చేతికొస్తే ఊరిలో ఉంటాం, రాకపోతే బెంగళూరు రైలెక్కుతాం. భవన నిర్మాణానికి, హోటళ్లలో పనికి వెళ్లే కుటుంబాలలో మనవాళ్లు తక్కువేమీ కాదు. విద్యాసంవత్సరం నడుమ ఊరు విడిచే కుటుంబానికి బడి రికార్డు ఎలా ఉన్నదన్నది జీవన్మరణ సమస్య వంటిది.

ఒక ఉదాహరణ చూడండి. ‘తల్లికి వందనం’ పథకం 2025 జూన్‌లో ప్రారంభమైంది. బిడ్డకు 15,000 రూపాయలు. అందులో 2,000 బడి నిర్వహణకు మినహాయించి 13,000 తల్లి ఖాతాలో వేస్తారు. 75 శాతం హాజరు ఉండాలన్నది షరతు. అంతకుముందున్న ‘అమ్మ ఒడి’కి కూడా 75 శాతం హాజరు షరతు పెట్టారు. అనగా హాజరు పట్టీలోని ఒక్కొక్క గీతకు మన ఇంటి బియ్యంతో సంబంధమున్నది. బిడ్డ వచ్చిన రోజున రానట్టు పడితే కుటుంబం నష్టపోతుంది. రాని రోజున వచ్చినట్టు పడితే ఇంకా పెద్ద నష్టం. ఎందుకంటే మన బిడ్డ బడికి దూరమవుతున్న సంగతి మనకు తెలియకుండా పోతుంది.

2006లో సచార్ కమిటీ తన నివేదికలో చెప్పిన సంగతి గుర్తు తెచ్చుకోండి. దేశంలో 6 నుంచి 14 ఏళ్ల ముస్లిం పిల్లలలో నాలుగో వంతు మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానేసినవారో అని ఆ కమిటీ తేల్చింది. బిడ్డ బడి మానడం ఒక్కరోజులో జరగదు. ముందు వారానికొక రోజు, తరువాత రెండు రోజులు, తరువాత శెనక్కాయ కోతలప్పుడు పదిహేను రోజులు. ఇవన్నీ హాజరు పట్టీలో నెలల ముందే కనిపిస్తాయి. నెలకొకసారి ఆ పట్టీని చూసే తండ్రికి, తల్లికి ఆ ప్రమాదం ముందే తెలుస్తుంది.

వలస వెళ్లేవారు తెలుసుకోవలసిన నిబంధన ఒకటి ఉన్నది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం, బిడ్డ ఏ కారణం చేతనైనా మరో బడికి మారవలసి వస్తే, అది రాష్ట్రంలోనైనా, రాష్ట్రం వెలుపలైనా సరే, ప్రధానోపాధ్యాయుడు వెంటనే టీసీ ఇవ్వాలి. ఆలస్యం చేస్తే అతడు క్రమశిక్షణ చర్యకు గురవుతాడు. టీసీ ఆలస్యమైందన్న సాకుతో బెంగళూరులోని బడి చేర్చుకోవడానికి నిరాకరించరాదు, జాప్యం చేయరాదు. వయసు పత్రం లేదని చేర్చుకోకపోవడం కూడా 14వ సెక్షన్ ప్రకారం తప్పే.

తల్లిదండ్రులు వలస పోతే బిడ్డలు నానీమా దగ్గరో దాదీమా దగ్గరో ఉంటారు. గల్ఫ్‌కు వెళ్లిన తండ్రులున్న కదిరి వైపు కుటుంబాలలోనూ ఇదే పరిస్థితి. బడికి వెళ్లిన ముసలమ్మను “తండ్రిని పంపు” అని తిప్పి పంపేవారికి ఈ చట్టమే సమాధానం చెబుతుంది. బిడ్డ పోషణ, సంరక్షణ చూస్తున్న వ్యక్తి సంరక్షకుడే అని అందులో నిర్వచించారు. అలాగే ‘తల్లిదండ్రులు’ అన్నప్పుడు తండ్రి ఎంతో తల్లీ అంతే. భర్త నుంచి విడిపోయి పుట్టింట బిడ్డను పెంచుకుంటున్న ఆడపడుచు తన బిడ్డ మార్కులు అడగడానికి ఎవరి అనుమతి పత్రమూ తేనక్కరలేదు. అటు విడిగా ఉంటున్న తండ్రికి కూడా, కోర్టు వేరేగా ఆదేశించి ఉంటే తప్ప, బిడ్డ చదువు ఎలా సాగుతున్నదో తెలుసుకునే హక్కు పోదు.

చట్టం ఏమంటున్నది?

అమెరికాలో 1974లోనే దీనికొక చట్టం చేశారు. తల్లిదండ్రులు అడిగిన 45 రోజులలోపు బడి బిడ్డ రికార్డును చూపాలి. తప్పులుంటే సవరించమని కోరవచ్చు. నిరాకరిస్తే విచారణ అడగవచ్చు. బిడ్డకు 18 ఏళ్లు నిండితే ఆ హక్కు బిడ్డకు సంక్రమిస్తుంది. అక్కడ స్థిరపడిన మన తెలుగు కుటుంబాలు ఈ హక్కును మామూలుగా వాడుకుంటాయి. మన దేశంలో ఇటువంటి చట్టం ఒక్కటిగా లేదు. అయినా వేర్వేరు చట్టాలలో ఉన్న పోగులను కలిపి పేనితే గట్టి తాడే అవుతుంది.

మొదటి పోగు రాజ్యాంగం. 2002లో 86వ సవరణ ద్వారా 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు విద్యను ప్రాథమిక హక్కు చేసినప్పుడే, ఆ పిల్లలకు విద్యావకాశం కల్పించడం తల్లిదండ్రుల విధి అని 51-ఏ అధికరణలో చేర్చారు. విధి మన మీద మోపి, సమాచారం మన నుంచి దాచడం న్యాయం కాదు.

రెండవది విద్యాహక్కు చట్టం. దాని 24వ సెక్షన్‌లో ఉపాధ్యాయుల విధులున్నాయి. తల్లిదండ్రులతో క్రమం తప్పకుండా సమావేశాలు జరిపి, బిడ్డ హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి, బిడ్డకు సంబంధించిన ఇతర సమాచారం తెలియజేయాలని అందులో స్పష్టంగా రాసి ఉన్నది. 2024 డిసెంబరు 7న రాష్ట్రమంతటా మెగా తల్లిదండ్రుల సమావేశాలు జరిగాయి. 2025 జూలై 10న జరిగిన రెండవ సమావేశానికి ముఖ్యమంత్రి మన పక్కనున్న శ్రీ సత్యసాయి జిల్లా కొత్తచెరువు బడికే వచ్చారు. మంచిదే. కానీ పండుగలా ఏడాదికొక రోజు పిలిచి కార్డు చేతికిచ్చి పంపడంతో చట్టం కోరిన ‘క్రమం తప్పకుండా’ అన్న మాట నెరవేరదు. మిగిలిన రోజులలో కూడా తలుపు తెరిచి ఉండాలి.

ఇదే చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది మహిళలుండాలి. బలహీన వర్గాల పిల్లల తల్లిదండ్రులకు వారి సంఖ్యకు తగిన స్థానాలుండాలి. 2024 ఆగస్టులో మన రాష్ట్రంలో ఈ కమిటీలకు ఎన్నికలు జరిగాయి. మీ బడి కమిటీలో మనవారు ఎవరున్నారు? ఉంటే సమావేశానికి వెళుతున్నారా, లేక పుస్తకం ఇంటికి వస్తే సంతకం పెడుతున్నారా? మన తల్లులు ఈ స్థానాలలో కూర్చోవాలి. ఫిర్యాదులుంటే 32వ సెక్షన్ కింద స్థానిక అధికార సంస్థకు రాతపూర్వకంగా ఇవ్వవచ్చు. మూడు నెలలలో వారు పరిష్కరించాలి. తృప్తి కలగకపోతే రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు.

మూడవది 2005 నాటి సమాచార హక్కు చట్టం. ప్రభుత్వ, జిల్లా పరిషత్, పురపాలక బడులు దీని పరిధిలో ఉన్నాయి. ప్రభుత్వ నిధులతో నడిచే ఎయిడెడ్ బడులకూ ఇది వర్తిస్తుంది. ఎందుకు అడుగుతున్నావని దరఖాస్తుదారుని ప్రశ్నించరాదు. 30 రోజులలో సమాధానం ఇవ్వాలి. గడువు దాటితే రుసుము లేకుండా ఇవ్వాలి. కారణం లేకుండా నిరాకరించిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా పడవచ్చు. మన రాష్ట్రంలో గ్రామ స్థాయి కార్యాలయాలకు దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారు ఏమీ చెల్లించనక్కరలేదు.

చదువురానివారి మాటేమిటి అంటారా? 2011 జనాభా లెక్కల నాటికి మన ఉమ్మడి జిల్లాలో మహిళల అక్షరాస్యత సుమారు 54 శాతం మాత్రమే. అందుకే ఈ మాట గట్టిగా చెబుతున్నాను. సమాచార హక్కు చట్టం 6వ సెక్షన్ ప్రకారం రాయలేనివారు నోటితో చెబితే దానిని కాగితం మీద పెట్టడానికి అధికారే సహాయం చేయాలి. తెలుగులో రాయవచ్చు. 2022లో ఉర్దూ రాష్ట్రానికి రెండవ అధికార భాష అయింది. కనుక ఉర్దూ మాత్రమే వచ్చిన తల్లి ఉర్దూలో రాసుకోవచ్చు.

జవాబు పత్రాల సంగతి కూడా చెప్పాలి. దిద్దిన జవాబు పత్రం పరీక్ష రాసిన విద్యార్థికి అందవలసిన సమాచారమే అని 2011 ఆగస్టు 9న సీబీఎస్ఈ, ఆదిత్య బందోపాధ్యాయ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మన రాష్ట్రంలో 2025 పదో తరగతి పరీక్షల తరువాత పునఃపరిశీలన కోరినవారిలో వేల పత్రాలకు మార్కులు మారాయి. అడిగినవారి మార్కులే మారాయి. అడగనివారి పత్రాలు కట్టలలోనే ఉండిపోయాయి.

ప్రైవేటు బడులు నేరుగా సమాచార హక్కు చట్టం కిందికి రావు. అయితే ఏదైనా చట్టం ప్రకారం ప్రభుత్వాధికారి ఆ బడి నుంచి తెప్పించుకోగల సమాచారాన్ని ఆ అధికారి ద్వారా మనం కోరవచ్చు. అందుచేత దరఖాస్తును మండల విద్యాధికారికో జిల్లా విద్యాధికారికో పెట్టండి.

“ఇది వ్యక్తిగత సమాచారం, ఇవ్వము” అని ఎవరైనా అనవచ్చు. ఆ నిబంధన ఒకరి వివరాలు సంబంధంలేని మరొకరి చేతిలో పడకుండా కాపాడటానికి ఉన్నది. బిడ్డ వివరాలను ఆ బిడ్డను కన్నవారి నుంచే దాచడానికి దానిని వాడటం దాని ఉద్దేశానికే విరుద్ధం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం కూడా 18 ఏళ్లలోపు బిడ్డ స్థానంలో నిలబడేది తల్లిదండ్రులు లేదా చట్టబద్ధ సంరక్షకులే అని నిర్వచించింది.

రికార్డు చూడకపోతే ఏమవుతుందో దేశం ఒకసారి చూసింది. అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు కేంద్రం ఇచ్చే ఉపకార వేతనాలను తనిఖీ చేసినప్పుడు 830 సంస్థలు బోగస్‌వని తేలింది. 2017 నుంచి 2022 వరకు 144 కోట్ల రూపాయలకు పైగా నష్టం జరిగిందని అల్పసంఖ్యాక వ్యవహారాల శాఖ 2023లో సీబీఐకి ఫిర్యాదు చేసింది. మన పిల్లల కోసమని కేటాయించిన సొమ్ము అది. బడి లెక్కలలో ఏ బిడ్డ పేరున ఎంత మంజూరైందో తల్లిదండ్రులు క్రమంగా అడిగి చూసే చోట ఇటువంటి మోసం ఎక్కువ కాలం సాగదు.

మన సంస్థల మాట

ఇప్పటివరకు ప్రభుత్వ బడుల గురించి చెప్పాను. ఇక మన గురించి మనం చెప్పుకోవాలి. 2014 మే 6న ప్రమతి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, విద్యాహక్కు చట్టం అల్పసంఖ్యాక వర్గాల విద్యాసంస్థలకు వర్తించదని తీర్పునిచ్చింది. మదరసాలను 2012 సవరణే మినహాయించింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టులోని మరో ధర్మాసనం ప్రమతి తీర్పును పునఃపరిశీలించాలని అభిప్రాయపడి విషయాన్ని ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది.

30వ అధికరణ మనకు ప్రాణప్రదమైనది. దానిని కాపాడుకోవాలి. కానీ ఆ అధికరణ మన సంస్థలను ప్రభుత్వ జోక్యం నుంచి కాపాడటానికి వచ్చింది. మన తల్లిదండ్రులకు జవాబు చెప్పవలసిన బాధ్యత నుంచి తప్పించడానికి రాలేదు. మన అంజుమన్ బడులు, మన యాజమాన్యాల పాఠశాలలు, మన మదరసాలు ఏ చట్టమూ బలవంతపెట్టకుండానే ఈ పని ముందుగా చేయాలి. ప్రతి ఏటా ప్రతి బిడ్డ రికార్డు నకలు ఇంటికి పంపాలి. ఫీజు బాకీ ఉన్నదని టీసీని, మార్కుల జాబితాను తాకట్టు వస్తువులా పెట్టుకోరాదు. ప్రభుత్వాన్ని అడిగే నోటితో మన కమిటీలను కూడా అడగగలిగితేనే మన మాటకు విలువ ఉంటుంది.

హక్కుకు ఉన్న హద్దులు

ఈ హక్కు బిడ్డ మేలు కోసం వచ్చింది. కనుక దానికి హద్దులున్నాయి. పక్కింటి బిడ్డ మార్కులు మనం అడగరాదు. బిడ్డపై అఘాయిత్యం వంటి విషయాలలో చట్టం గోప్యతను ఆజ్ఞాపించింది. దానిని గౌరవించాలి. తొమ్మిదో తరగతి అమ్మాయి హాజరు తగ్గిందని తెలిస్తే కారణం అడిగి దగ్గరకు తీయాలి. ఆ కాగితాన్నే సాకుగా చూపి చదువు మాన్పించి పెళ్లి సంబంధాలు చూడటం ఆ బిడ్డకు ద్రోహం. మార్కుల పత్రం చేతికి రాగానే బెత్తం తీసే తండ్రికి బిడ్డ ఇక ఏదీ చూపించదు. 18 ఏళ్లు నిండిన నాడు ఆ రికార్డు మీద హక్కు ఆ బిడ్డదేనని మనసులో ఇప్పటి నుంచే అనుకోవాలి.

ఉపాధ్యాయులను కూడా శత్రువులుగా చూడకండి. ఒక్కొక్క ఉపాధ్యాయుడు ఎన్ని యాప్‌లలో ఎన్ని వివరాలు నింపుతున్నాడో మనకు తెలుసు. ఆ ఒత్తిడిలో దొర్లే తప్పులలో అధికభాగం దురుద్దేశంతో జరిగేవి కావు. మంచి మాటతో అడిగితే చాలాచోట్ల ఆ రోజే చూపిస్తారు. అడిగితే బిడ్డ మీద కక్ష కడతారేమోనన్న భయం కొందరికి ఉన్నది. బిడ్డను కొట్టడం, మానసికంగా వేధించడం విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం నిషిద్ధం. అయినా భయముంటే ఒంటరిగా వెళ్లకండి. పదిమంది తల్లిదండ్రులు కలిసి వెళ్లి పదిమంది పిల్లల రికార్డులు అడగండి. అప్పుడు అది ఏ ఒక్క బిడ్డ గొడవగానూ ఉండదు.

ఇక చేయవలసింది

మూడు సందర్భాలలో తప్పక చూడండి. బడిలో చేర్చిన నెలలోపు ఒకసారి. ఐదో తరగతి ముగిసి టీసీ చేతికి వచ్చినప్పుడు, దానిని మడిచి జేబులో పెట్టుకోకముందు రెండవసారి. తొమ్మిదో తరగతిలో మూడవసారి. పదో తరగతిలో నామినల్ రోల్ వెళ్లేలోపు ప్రతి అక్షరం సరిపోవాలి. జనన ధ్రువపత్రం, ఆధార్, రిజిస్టరు మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని చదవండి. మీకు చదవడం రాకపోతే మసీదు కమిటీలోని చదువుకున్న యువకుణ్ణి వెంట తీసుకువెళ్లండి.

నోటి మాటతో పని జరగకపోతే తెల్లకాగితం మీద ఇలా రాయండి: “సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 6(1) కింద దరఖాస్తు. మీ పాఠశాలలో ఈ తరగతి చదువుతున్న, ఈ అడ్మిషన్ సంఖ్య గల నా కుమార్తెకు సంబంధించిన కింది రికార్డుల నకళ్లు ఇప్పించగోరుతున్నాను. ఒకటి, అడ్మిషన్ రిజిస్టరులో ఆమె పేరున్న పంక్తి. రెండు, గత విద్యాసంవత్సరపు నెలవారీ హాజరు. మూడు, పరీక్షల వారీగా మార్కులు. నాలుగు, యూడైస్‌లో ఆమె పేరున నమోదైన వివరాల ముద్రిత ప్రతి. ఐదు, ఆమె పేరున మంజూరైన ఉపకార వేతనాలు, ఇతర పథకాల వివరాలు.” కింద సంతకం, తేదీ, చిరునామా, బిడ్డతో మీ సంబంధాన్ని చూపే కాగితం నకలు. ఒక ప్రతి మీద బడి ముద్ర, అందిన తేదీ వేయించుకోండి. కార్యాలయం పొరపాటైతే అయిదు రోజులలో సరైన కార్యాలయానికి వారే పంపాలి. 30 రోజులలో జవాబు రాకపోతే మరో 30 రోజులలోపు పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా న్యాయం జరగకపోతే 90 రోజులలోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండవ అప్పీలు.

ప్రతి మసీదు కమిటీకి నాదొక విజ్ఞప్తి. ఏడాదికొక జుమాను ఇందుకోసం కేటాయించండి. నమాజు తరువాత ఒక బల్ల వేసి, చదువుకున్న ఇద్దరు యువకులను, ఒక సోదరిని కూర్చోబెట్టి మొహల్లా పిల్లల కాగితాలు సరిచూడండి. దీనికి పెద్ద నిధులు అక్కరలేదు. ఒక కలం, ఒక దస్త్రం, కాస్త ఓపిక చాలు.

సోదర సోదరీమణులారా! ఖుర్ఆన్‌లోని అన్నింటికంటే దీర్ఘమైన ఆయత్ అప్పును కాగితం మీద పెట్టుకోవడాన్ని గురించినది. బఖరా సూరాలోని ఆ 282వ ఆయత్‌ను ఇంటికి వెళ్లి అనువాదంతో చదవండి. రాసేవాడు న్యాయంగా రాయాలన్న ఆదేశం అందులో ఉన్నది. తాను చెప్పి రాయించలేని బలహీనుని పక్షాన అతని సంరక్షకుడు న్యాయంగా చెప్పి రాయించాలన్న ఆదేశమూ ఉన్నది. బడి రిజిస్టరు ఎదుట మన బిడ్డ ఆ బలహీనుని స్థానంలో ఉన్నాడు. సంరక్షకులం మనం. బిడ్డ మనకు అమానత్. ఆ బిడ్డ పేరున రాసే ప్రతి అక్షరం సరిగా ఉండేటట్టు చూడటం ఆ అమానత్‌లో భాగమే.

రేపు సోమవారం. బడి తెరిచి ఉంటుంది. వెళ్లండి, సలాం చెప్పో నమస్కారం చెప్పో, “అయ్యా, మా బిడ్డ రికార్డు చూడటానికి వచ్చాం” అని అడగండి.